టోపీ లేని అంపైరు

బాలరాజుకు అంపైరింగ్ అంటే పిచ్చి. రైల్వేలో రిటైరయ్యాక ఆయనకు ఆదివారాలు వచ్చేదే అందుకు. అలాంటిది ఆ సాయంత్రం నాచారంలో భూషణం ఛాయ్ బండి దగ్గర, కాలనీ క్లబ్బు సెక్రటరీ గంగాధరరావు ఫోన్ చూసి పెదవి విరిచాడు.

"ఆదివారం ఫైనల్. మధ్యాహ్నానికి ఎండలో యూవీ సూచీ పదకొండు చూపిస్తోందండీ, చాలా ప్రమాదం. మీకు చూస్తే అరవై రెండు. ఈసారి ఇంకెవరినైనా నిలబెడదాం."

బాలరాజు గుండె జారింది. గుండె జారితే జారింది, నోరు మాత్రం లేచింది.

"పదకొండంటే ఒక టీము! గసుంటి టీములు రెండింటిని ఒక్కన్నే సంభాళిస్త, ఆ కిరణాలు నాకో లెక్కనా సారూ? పోయిన మే నెల ఉప్పల్ల, నెత్తిన టోపీ గూడ లేకుంట నలభై ఓవర్లు నిలవడ్డ."

"టోపీ లేకుంటనా?" అన్నాడు భూషణం, ఛాయ్ పోస్తూ.

"ఏడికెళ్లి టోపీ! ఎండ గిట్ల గట్ల లేదు. పిచ్ నెర్రెలు బాసింది, బాలు కుట్లు ఊడినయ్. కీపరు అప్పడం తెచ్చి నా బట్టతల మీద పెడితే రెండు దిక్కుల కాలింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"నంజుకోనీకి పప్పు అడిగిండా మామా?" అన్నాడు భూషణం.

"జర ఆగు! హబ్సిగూడ ల్యాబుకెళ్లి ఒక సైంటిస్టు మిషన్ పట్టుకొని ఉరికొచ్చిండు. అల్ట్రావయొలెట్ ఎంతుందో సూద్దామని నా దిక్కు పెట్టిండు. సున్నా! కిరణాలన్నీ నా నెత్తికి తగిలి, వచ్చిన తొవ్వనే వాపస్ పోతున్నయంట. పైన గద్దలు కండ్లు మూసుకున్నయ్. ఆఖరి ఓవర్ల నాకు కోపమొచ్చింది. సూర్యుని దిక్కు సూసి ఇట్ల వేలెత్తిన. అవుట్! పాపం, తల వంచుకొని మబ్బుల్లకు పోయిండు. రివ్యూ గూడ అడగలే!"

బండి చుట్టూ నవ్వులు. గంగాధరరావు కూడా నవ్వడం చూసి బాలరాజుకు ప్రాణం లేచొచ్చింది. ఎత్తిన వేలు దించబుద్ధి కాలేదు.

బెంచీ చివర బన్ను తింటున్న గీతిక మూతి తుడుచుకుంది. క్లబ్బులో ఫాస్ట్ బౌలర్ ఆ అమ్మాయి.

"ఆ మ్యాచ్ల నేనున్న గదా తాతా. బౌలింగ్ ఏసెటప్పుడు నా టోపీ నీ చేతికిచ్చిన. తిరిగి సూసేసరికి నీ నెత్తి మీదుంది. ఓవర్ అయినంక అడిగితే, ఇంకో ఓవర్ గూడ నువ్వే ఎయ్ బిడ్డా అన్నవ్."

గంగాధరరావు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "వరసగా రెండు ఓవర్లు ఒక్కరే వేయకూడదు కదండీ!"

"రెండేనా సారూ? నాతోని నాలుగు ఏయించిండు!"

నవ్వు ఆపుకోలేక భూషణం గిన్నెలో ఛాయ్ ఒలకబోశాడు. బాలరాజు వేలు మెల్లగా దిగి ఛాయ్ గ్లాసును పట్టుకుంది. ఫైనల్ పోయినట్టే అనుకుని ఆయన తల వంచుకున్నాడు.

గంగాధరరావు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "అంపైరు మీరే లెండి. వెడల్పు అంచు టోపీ క్లబ్బు కొనిస్తుంది. ఎండకు రాసుకునే క్రీము కూడా."

"టోపీనా? నాకా?" బాలరాజు బింకంగా అందరినీ చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "జర పెద్ద సైజు సూడున్రి సారూ. బిడ్డ టోపీ మస్తు బిర్రుగ ఉండె."