ఆరింటికీ సమానంగా

ఆదివారం మధ్యాహ్నం. గుంటూరు శివార్లలో ఒక ఇంటర్ కాలేజీ హాస్టల్ వరండాలో ఫోను దగ్గర కోటేష్. అద్దంకి దగ్గర వాళ్ళ ఊళ్ళో, మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో, సెల్లు చెవికి ఆనించుకుని వాళ్ళమ్మ నాగజ్యోతి.

"సమానంగా అంటే ఏంటమ్మా?"

"సమానంగా అంటే సమానంగానే. ఆరింటికీ. దీన్ని కాసేపు ఆడించా, దాన్ని కాసేపు ఆడించా."

"నేనేం చెప్పాను నీకు? నక్కని ఒక్కదాన్నే పంపమన్నాను. పరుగు పెరగాలంటే అది ఒక్కటే పోయి ఆ పిట్టల్ని కొట్టాలి. మిగతా ఐదింటినీ ముట్టుకోవద్దన్నాను."

"ఒకటి తింటుంటే ఐదు చూస్తా కూర్చుంటాయా?"

"అవి తినవమ్మా. అది బలం. పాయింట్లు."

"ఏదైతే ఏంది. పంక్తిలో ఒకళ్ళకి వడ్డించి పక్కోళ్ళని వదిలేసినట్టుంటది నాకు. చెయ్యి ఆడలా."

"అన్నింటికీ కొంచెం కొంచెం పెడితే ఏదీ పనికిరాదు. మావయ్య హైదరాబాదు నుంచి ఆ వీడియో గేమ్ తెచ్చింది ఎవరికి? నాకేగా."

"నీకే. కాదన్నానా? హాస్టల్లోకి తీసుకెళ్ళనివ్వరని నువ్వే నా చేతిలో పెట్టావు. అమ్మా, నేనొచ్చేలోపు పెంచి పెట్టు అన్నావు. పెంచటం నాకు ఒక్కరకంగానే వచ్చు."

"సర్లే. నక్క స్పీడ్ ఎంతొచ్చింది?"

"స్పీడా... నూట నలభై."

"పోయిన వారం నూట పదహారన్నావు."

"అన్నానా?"

"అన్నావు. ఒక్క వారంలో ఇరవై నాలుగు రాదమ్మా దానికి."

"మరి వచ్చింది. నేనేం చేసేది, వద్దన్నానా దాన్ని?"

"...సరే. వచ్చుంటుందిలే. మంచిదేగా."

"మంచిదేగా మరి. ఒక్క నిమిషం ఉండు. పున్నమ్మా, ఆ మంచి కాయలు అటు పోసుకోండి, తెల్లబారిన తాలు ఇటేయండి. కలిపారంటే గుంటూరు మిర్చి యార్డులో మొత్తం తాలు కిందే కడతారు. ఆ, చెప్పు నాన్నా."

"ఎవరున్నారక్కడ?"

"తాలు ఏరేవాళ్ళు. ఆరుగురొచ్చారు ఇవాళ. నువ్వు తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

"అదే."

"అదే అంటే?"

"ఆదివారం కదా. చికెన్."

"ముక్కలేశారా, పులుసేనా?"

"అమ్మా, ముందు ముళ్ళపంది సంగతి చెప్పు. దానికి ముళ్ళు పరిచే మూవ్ వచ్చిందా?"

"వచ్చింది."

"పేరేం పడింది స్క్రీన్ మీద?"

"పేరు... ఉండు, గుర్తు చేసుకోనీ. ఇంగ్లీషులో ఏందో..."

"స్పైక్‌తో మొదలవుద్ది."

"ఆ, అదే. అదే పడింది."

"గుడ్. అది ముందు దిగాలి. దిగగానే అవతలోడి వైపు ముళ్ళు పరిచేస్తుంది. తర్వాత వాడు ఏది దింపినా గుచ్చుకుంటుంది. ముళ్ళు పరిచాక ఇంక దాంతో పని లేదు, చచ్చిపోవచ్చు."

"చచ్చిపోవటమేందిరా."

"చావదు, పడిపోతుంది. ఆట అయిపోయాక మళ్ళీ లేస్తుంది. అది పడిపోతేనే తర్వాతది దెబ్బ తగలకుండా లోపలికొస్తుంది."

"అందుకని కావాలని పడేస్తావా?"

"అంతే. అటాకింగ్ టీమ్ అంటే అంతే. నక్క పరుగెత్తి కొడుతుంది, దున్న గోడలు పగలగొడుతుంది, గబ్బిలం ప్రాణం పీలుస్తుంది, చివర్లో డేగ దిగి మిగిలినవన్నీ ఊడ్చేస్తుంది."

"ముందు పోయేదాని గురించి ఎవరూ అనుకోరన్నమాట."

"అనుకుంటే ఓడిపోతాం."

"మరి ఆరోది తాబేలేగా?"

"తాబేలు వద్దని ఎన్నిసార్లు చెప్పాలి. తేలుని పెట్టు."

"తాబేలు నాలుగు దెబ్బలు ఓర్చుకుంటదిరా. ఇంట్లో అట్టాంటిది ఒకటన్నా ఉండాలి."

"ఓర్చుకోవడం టైము దండగ. అందరూ కొట్టేవాళ్ళే ఉండాలి. మాలిక్ వాళ్ళ అన్న వాడికి ఎలా పెంచుతున్నాడో తెలుసా? ఒక్కటి కూడా ఓర్చుకునేది లేదు."

"మాలిక్ అంటే నీ రూములో ఉండే పిల్లాడేగా, చీరాల వాళ్ళు. వాళ్ళింట్లోనూ ఇదే గేమా?"

"ఎన్నోసారి చెప్పాను. వాడి గేమ్ వాళ్ళ అన్న దగ్గరుంటుంది, నాది నీ దగ్గరుంటుంది. ఆఖరి పరీక్ష అయిన రోజు ఇక్కడే పోటీ. వాళ్ళన్న వాడిది తెస్తాడు, నువ్వు నాది తేవాలి."

"నేను తేవాలా?"

"మరి?"

"ఆ రోజుకి కోతలుంటాయేమో. మీ నాన్న ఒక్కడే వస్తాడేమో నిన్ను తీసుకురావటానికి. అంత విలువైంది బస్సులో ఎట్టా... ఎవరన్నా కొట్టేస్తే?"

"సంచిలో వేసుకో."

"చూద్దాంలే."

"చూద్దాం ఏంటమ్మా?"

"చూద్దాం అన్నాగా. ఛార్జింగ్ కూడా తొందరగా అయిపోతా ఉంది దాంట్లో. అది సరే, మాలిక్‌కి ఒకసారి ఫోనియ్యి. పలకరిస్తా. పోయినసారి మాట్లాడినప్పుడు, 'ఆంటీ, మా అన్న కంటే మీరే బాగా పెంచుతున్నారంట' అన్నాడు పాపం."

"లేడు."

"యాడికి పోయాడు?"

"స్నానానికి."

"పోయిన ఆదివారమూ స్నానానికే అన్నావు."

"ఆదివారాలే కదా నీళ్ళు సరిగ్గా వచ్చేది."

"అంతకుముందు ఆదివారం నిద్రపోతున్నాడన్నావు. ఏరా, గొడవపడ్డారా?"

"లేదు."

"గేమ్ గురించా?"

"గొడవేం లేదమ్మా. డేగ లెవెల్ ఎంతైంది?"

"డేగ సంగతి తర్వాత. ఫోనివ్వు వాడికి."

"లేడన్నాగా."

"స్నానం చేసి వచ్చేదాకా ఉంటా నేను."

"వెళ్ళిపోయాడమ్మా."

"ఎటు?"

"ఇంటికి. వాళ్ళ నాన్న వచ్చి పెట్టె సర్దుకోమన్నాడు. సైకిల్ షాపులో కూర్చోబెడతాడంట. వాడికి మార్కులు రావట్లేదుగా."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

"పోయిన నెల వెళ్ళిపోతే ఇప్పుడా చెప్పేది?"

"నువ్వడగలేదుగా."

"ప్రతివారం అడుగుతున్నా."

"ఫోనిమ్మని అడుగుతున్నావు. ఉన్నాడా అని అడగలా."

"వాడి మంచంలో ఎవరున్నారు ఇప్పుడు?"

"ఎవరూ లేరు. ట్రంకు పెట్టెలు పెట్టుకుంటున్నారు."

"అన్నం ఎవరితో తింటున్నావు?"

"అందరం ఒకే హాల్లోగా తినేది. నాలుగొందల మంది."

"నేను అడిగింది అది కాదు."

"ఇందాక చెప్పాగా, చికెన్ పెట్టారు. రెండు ముక్కలు. గట్టిగా ఉన్నాయి."

"కోటీ."

"ఏంటి?"

"మీ నాన్నతో చెప్పనా? పరీక్షలు అయ్యాక రెండో సంవత్సరం ఒంగోలులో చేరుద్దువుగాని. రోజూ బస్సులో పోయిరావచ్చు."

"ఒప్పుకోడు. రెండేళ్ళకీ కలిపి ఫీజు కట్టేశాడుగా. నువ్వు చెప్పకు. చెబితే నిన్ను అంటాడు."

"అంటే అంటాడు."

"వద్దమ్మా. నేను ఓర్చు... నేను బాగానే ఉన్నా. ర్యాంకు కూడా పెరిగింది. సెక్షన్లో పదకొండు."

"కోటేష్, ఎంతసేపురా? వెనక పన్నెండు మంది ఉన్నారు."

"ఇంచార్జి సార్ పిలుస్తున్నాడమ్మా. సార్, ఒక్క నిమిషం సార్. మా అమ్మ సార్."

"అందరికీ అమ్మలే. తొందరగా కానీ."

"పెట్టేస్తావా నాన్నా?"

"లేదులే, వేరేవాడి మీద అరుస్తున్నాడు. చెప్పు. డేగ."

"డేగా? డేగ ఎందుకిప్పుడు. మాలికే లేకపోతే ఇంకెవరి మీదకిరా ఈ టీమ్?"

"ఎవరో ఒకరి మీదకి."

"పోటీ లేదు కదా ఇంక."

"లేకపోతే ఆపేస్తావా?"

"ఆపేస్తానని ఎవరన్నారు? అడిగా అంతే."

"ఆపకు."

"ఆపనులే. ఇది మొదలుపెట్టక ముందు నువ్వు ఏం మాట్లాడేవాడివి ఫోన్లో? ఆఁ. ఊఁ. బాగున్నా. పెట్టేస్తున్నా. అంతే. ఫోను పెట్టేశాక ఇంకో ఆదివారం దాకా ఆ నాలుగు ముక్కలే తల్చుకుని కూర్చునేదాన్ని. నక్క స్పీడ్ ఎంత పెంచాలని నేను అడిగిన రోజునుంచేగా నువ్వు నోరు తెరిచింది."

"అందుకే అడిగావా?"

"ఇంకెందుకు. నాకేమన్నా నక్కల సరదానా? డేగకి నిప్పు ఊదటం వచ్చింది. అదేగా నువ్వు అడిగేది?"

"నిప్పు ఊదేదా, రెక్కలతో కొట్టేదా?"

"రెండూ... నిప్పే అనుకుంటా."

"రెండూ వస్తాయి దానికి. నిప్పు ముందొస్తుంది. ముప్పై ఆరో లెవెల్లో."

"ఆ, ముప్పై ఆరే. నిన్ననే వచ్చింది. పొద్దున పూట, మీ నాన్న టిఫిన్ చేస్తుంటే. ఎర్రగా మొత్తం స్క్రీనంతా మంట లేచింది. మీ నాన్న కూడా తొంగి చూశాడు."

"నాన్న చూశాడా?"

"చూసి, వీడి పిచ్చి నీకూ పట్టిందే అన్నాడు. నవ్వాడు."

"నవ్వాడా నాన్న?"

"నవ్వాడు. ఎందుకు నవ్వడూ."

"ఏం లేదు. బాగుందని. ఇంకా చెప్పు."

"ఇంకేముంది. డేగ రెక్కలు ఇంత పెద్దవైనాయి. కూర్చుంటే పక్కన దున్న కనపడట్లా."

"కళ్ళు ఎలా ఉన్నాయి?"

"కళ్ళా? పచ్చగా. మన కుంకుడు చెట్టు కింద పిల్లి లేదూ, అట్టా. కోపంగా చూస్తది కాని నా మాట వింటది. నేను పిలిస్తేనే వస్తది."

"నువ్వు పిలిస్తేనే వస్తుందా?"

"నవ్వకు. నిజంగానే."

"నవ్వట్లేదమ్మా. దున్న?"

"దున్నకి ఒంగోలు గిత్త మూపురంలాగా పైకి లేచింది. గోడ పగలగొట్టేది నేర్చుకుంది. గబ్బిలం కూడా సరే. ఇంక ఆరోది. తేలుని పెట్టమంటావు, నాకేమో తాబేల్ని పక్కన పెట్టబుద్ధి కావట్లా. నువ్వే చెప్పు, ఇవాళ తేల్చెయ్."

"ఉంచు."

"తాబేలునా?"

"ఊఁ. ఒకటి ఉండనీ ఓర్చుకునేది."

"ఇందాకంతా వద్దని కొట్లాడి..."

"నువ్వు చెప్పినట్టే ఉంచు. ఏం కాదులే."

"అయితే ఆరూ అయిపోయినట్టేగా. మూవులన్నీ వచ్చేశాయి, లెవెళ్ళు వచ్చేశాయి. ఇంక నువ్వు చెప్పాల్సిందేం లేదు, నేను చెయ్యాల్సిందేం లేదు."

"అయిపోలా."

"ఇంకేం మిగిలింది?"

"అమ్మా, వాటిని వదిలెయ్యి."

"వేటిని?"

"ఆరింటినీ. అడవిలోకి వదిలేయడం అని మెనూలో ఉంటుంది. వదిలేసి ఈసారి గుడ్డు నుంచి మొదలుపెడదాం. వేరే ఆరు."

"పిచ్చా నీకు? ఇన్ని నెలలు పెంచి వదిలేయటమేంది? తర్వాత పిలిస్తే వస్తాయా అవి?"

"రావు."

"అయితే నా వల్ల కాదు. ఇంకోళ్ళని వదిలిపెట్టటం నా వల్ల కాదు కోటీ. ఇవే ఉండనీ. ఇవే ఇంకా పెద్దవి చేస్తా. నూరో లెవెల్ దాకా చేస్తా."

"కోటేష్, ఇంక పెట్టేయ్. స్టడీ అవర్ బెల్లు కొట్టారు."

"పెట్టేస్తున్నా సార్. అమ్మా, విను. కళ్ళంలో వాన పడ్డ రోజు కాయల మీద పట్టాలు కప్పే హడావుడిలో గేమ్ నీళ్ళల్లో పడి చెడిపోయిందని, నాన్న ఇక్కడ మిర్చి యార్డుకొచ్చినప్పుడే నాకు చెప్పాడు. వచ్చే ఆదివారం గుడ్డులోంచి ఏం వచ్చిందో నువ్వే చెప్పు."