రెండు కొమ్ముల దుర్భిణీ

అలగ కాదు బాబూ, తలకిందులుగ పట్టుకున్నారు. కొమ్ములు పైకుండాల. అడుగున రెండు గాజుకళ్ళున్నాయి సూడండి, అక్కడ మీ కళ్ళు పెట్టాల. పైనుంచి సూత్తే పెరట్లో ఆవు కూడా పిల్లి అంత కనిపిత్తాది.

ఉలిక్కిపడకండి. తెర ఎనకాల నుంచే మాటాడతన్నాను. నాను ఈ ఇంటి ఇల్లాల్ని. మీరు ఈ సామాను ఏటో పోల్సడానికి ఛత్రపురం నుంచి వచ్చినారని తెలుసు. ఆ జెర్మనీ బొమ్మల పుస్తకం పొద్దున్నించి మూడుమార్లు తిరగేసినారు. అందులో లేదు కదేటి?

నాకెలగ తెలుసంటారా. తెరకి సిన్న సిరుగుంది. ఇరవై రెండేళ్ళ కిందట నాను కాపరానికి వచ్చినప్పుడు సూది మొనంత ఉండీది. రోజూ అక్కడే కన్నెట్టి సూసి సూసి పెద్దది సేసినాను.

మా ఆయన పలాస టేసనుకి ఎల్లినారు. మీకు సోడాలు తేవడానికి. ఎడ్లబండి పోయి రావాలంటే సందకాడ అయిపోతాది, అంచేత మనకి తొందర లేదు. ఆయన పేరు నాను నోటితో అనను, మీకిచ్చిన పిర్యాదు కాగితంలో ఉంటాది. ఆ కాగితంలో ఏటి రాసినారో కూడా నాకు తెలుసు. అరుగు మీద కూసుని కరణం జోగారావు సేత రాయించినారు. మా ఆయన గొంతు సంగతి మీకూ తెలిసిందే కదా, ఊరి సివర కళ్ళాల్లో ఉన్నోలికి కూడా ఇనిపించింది.

కిందటి నెల్లో సముద్రం ఒడ్డున బైరాగి అనీవోడు ఈ యంత్రంతోటి జెర్మనీ ఓడకి సైగలు సేత్తంటే, మా ఆయనే ఒంటిసేత్తో పట్టుకున్నారట. ఒంటిసేత్తో. కుర్సీలోంచి లెగాలంటే అటొకడు ఇటొకడు రెక్కట్టుకోవాల ఆయనికి. ఇసక జోళ్ళలోకి దూరుతాదనీసి పదేళ్ళయి సముద్రం ఒడ్డుకే ఎల్లలేదు.

ఎందుకు రాయించినారో కూడా సెప్తాను. రావుసాహెబు బిరుదు గావాల. నాలుగేళ్ళ కిందట ఆ జెర్మనీ ఓడ మద్రాసు మీద గుండ్లు ఏసిన కాణ్ణించి, ఎవులెవులో ఏటేటో పట్టించి బిరుదులు తెచ్చుకున్నారని ఆయన కడుపుమంట. గేటుకి కట్టడానికి టేకు బోర్డు సేయించీసినారు. పేరు ముందర జాగా ఖాళీగ ఒగ్గీసి మరీ. వార్నీసు ఆరిపోనాది, బిరుదే రావాల.

నవ్వండి, పరవాలేదు. నానూ మొదట నవ్వినాను.

కాని బైరాగి పద్దెనిమిది రోజుల నుంచి ఠాణాలో ఉన్నాడు బాబూ. మా ఇంట్లో నీళ్ళు తోడీ బుచ్చమ్మ కొడుకే ఆడు. కుంటోడు. మీరు రేపు 'ఔను, ఇది సైగల యంత్రమే' అని రాసి సంతకం పెట్టీసినారంటే ఆణ్ణి అండమాను ఓడ ఎక్కిత్తారట. అందుకే ఇయ్యాల నోరు తెరిసినాను. లేపోతే పరాయి మగోడితోటి మాటాడ్డం నాకేటి సరదా.

దీన్ని మీకన్నా ముందర సేనమంది పోల్సినారులెండి. ఈ కిటికీ ముందరే అయింది ఆ సంబరమంతాను. జోగారావు అటు తిప్పి ఇటు తిప్పి, ఇది బూములు కొలిసీ యంత్రమన్నాడు. అనీసి ఊరుకోలేదు, ఇందులోంచి సూత్తే మన కొబ్బరితోట పక్కోడి గట్టు దాటి మూడు బారలు ముందుకెల్లినట్టు కనిపిత్తందండీ అన్నాడు. మా ఆయన దాన్ని లటుక్కున లాగీసుకున్నారు.

మరి కంపౌండరు కూర్మారావు వచ్చినాడు. డాక్టర్ల సామానన్నాడు. రెండు కొమ్ములూ పక్కలకి ఇడదీసి, కళ్ళెట్టీ సోట సెవులెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని సేనసేపు ఇని, ఏదో గుండె కొట్టుకున్నట్టు హోరు ఇనిపిత్తంది బాబయ్యా అన్నాడు. సముద్రం బాబూ అది. ఈ ఇంట్లో ఏ సెవికైనా ఇనిపిత్తాది.

ఆకరికి మా ఆయన తేల్సినారు, ఈ కొమ్ముల్లోంచి మాట తీగ లేకండా ఓడకి ఎల్లిపోతాదని. మరి ఆ గాజులెందుకండీ అని కూర్మారావు అడిగినాడు, పాపం. మాట దారి తప్పకండా అన్నారు.

మీరు సదువుకున్నోరు. ఫిరంగి మీద బిగించీదా అని పైకనుకుంటానే రాసుకున్నారు, కొట్టీసినారు, మల్లీ అదే రాసినారు. నాను అక్కడే సూత్తన్నాను.

నాకు దీన్ని పోల్సడానికి పొయ్యి మీద ఎసరు కాగినంత సేపు కూడా పట్టలేదు.

కిందటేడాది కాదు, అంతకు ముందేడాది దసరాలకి బైరాగి బస్రా నుంచి వచ్చినాడు. కూలీల పటాలంలో మూటలు మొయ్యడానికి ఎల్లి, కాలు ఇరగ్గొట్టుకుని వచ్చినాడు. అక్కడ టర్కీ సిపాయిలు ఒగ్గీసి పారిపోయిన కందకంలో దొరికిందట ఇది. గోనెలో సుట్టి, పైన ఖర్జూరాలు పోసి తెచ్చినాడు. వాళ్ళమ్మ బయపడి నా కాడికి తెచ్చింది, "అమ్మా, ఇదేటో కొంచం సూడండి, ఇంట్లో పెట్టుకుంటే ఏటి మునుగుతాదో" అనీసి.

నాను సూసినాను. కింద రెండు కళ్ళు, పైన రెండు కళ్ళు, మజ్జిన మూరెడు గొట్టం. ఇది ఎవులికి కావాల? మనిషి కింద కూకోవాల, సూపు మాత్రం పైకెల్లాల. గోడ మీదకి తలెత్తకూడదు, గోడవతల ఏటుందో తెలియాల. అలాటోలు జెర్మనీలో ఎవులో నాకు తెలదు గాని, ఈ ఇంట్లో ఎవులో నాకు బాగా తెలుసు.

ఆ కందకంలో సిపాయి తలెత్తితే గుండు తగుల్తాది. నాను తలెత్తితే పరువు పోతాది. మాది ఘోషా ఇల్లు బాబూ. మేడ మీద పిట్టగోడ కూడా మనిషెత్తు లేపించినారు మా ఆయన, బట్టలారేసినప్పుడు నా కొప్పు కనిపించకండా.

అదే మేడ మీద, వడియాల తట్ట పక్కన కూసుని, కొమ్ములు గోడ మీదకి పెట్టి సూసినాను. మా కొబ్బరితోట, దాని ఎనకాల జీడితోటలు, ఆ ఎనకాల సముద్రం. ఇరవై ఏళ్ళ పైగా దాని హోరు ఇంటన్నాను, మొకం ఎరగను. బుచ్చమ్మ పక్కన నిలబడి "అది సముద్రమే కదమ్మా, అందులో ఏటుంది" అంది. దానికి రోజూ కనిపించీదే. నాకు మాత్రం ఏడుపాగలేదు.

ఏటీ, సాచ్చికం గావాలా? ఆడదాని మాట సాలదు. తెలుసు, అందుకే ఆ పళ్ళెం తెర కింద నుంచి తోసినాను. తమలపాకులు తియ్యండి. కింద మడతెట్టి ఉన్నాది సూడండి, తలగడ గలీబు.

ఇప్పండి. ఎర్రదారంతోటి కుట్టిన అచ్చరాలున్నాయా? కుడి కొమ్ము మొదట్లో సెక్కిన అచ్చరాలతోటి సరిసూసుకోండి. నాకు ఇంగ్లీషు రాదు, అది ఇంగ్లీషు కూడా కాదంట. కొక్కేలు కొక్కేలుగ, తీగలు పాకినట్టు బాగున్నాయనీసి కుట్టీసినాను. అడుగున అంకెలు కూడా వరసగ కుట్టినాను. నాలుగు, ఒకటి, రెండు, ఏడు. సరిపోనాయి కదా?

రంగు ఎలిసిపోనాది సూసినారా. చాకలి దాన్ని ఎన్నిమార్లు ఉతికుంటాడో సెప్పండి. ఆ నూనె మరక మాత్రం వదల్లేదు, అది మా ఆయన తలది. ఏడాది నుంచి ఆయన దానిమీదే తలెట్టి పడుకుంటన్నారు. కిందటి నెల్లో దొరికిన యంత్రం మీది అచ్చరాలు, ఏడాది నుంచి తమరి తల కింద ఏటి సేత్తన్నాయని అడగండి. నాను అడగలేను.

ఆయనికి ఇది దొరికింది సముద్రం ఒడ్డున కాదు, నా కందుల గోలెంలో. ఎవుల్దని గద్దించితే బుచ్చమ్మ వణికిపోయి, మా అబ్బాయిదండీ అనీసింది. ఆడోల గదిలో దొరికిందంటే ఇంటి పరువు తక్కువ. ఒడ్డున దొరికిందంటే బిరుదు. ఆయన ఎంచుకున్నారు.

నానెందుకు ఇన్నాళ్ళు నోరు మూసుకున్నానని కదా మీ సూపు. దాన్నించి తప్పించుకోను. ఠాణా వోలు బైరాగిని తీసుకుపోయిన రోజు నాను ఏడిసినాను, ఆడి కోసం కాదు. నా దుర్భిణీ పోయిందని. మర్నాడు బుచ్చమ్మ ఎప్పట్లాగే వచ్చి నీళ్ళు తోడింది. ఏడుత్తానే సేద లాగతంది. అప్పుడు నామీద నాకే రోత పుట్టింది. ఐనా రెండు వారాలు పట్టింది ఇక్కడికి రావడానికి, లోపల గదిలోంచి ఈ తెర దాకా.

ఇంకో సంగతుంది బాబూ. ఏడాదిన్నర సూసినాను గదా ఆ గోడమీంచి. కోటబొమ్మాళి సంతకెల్లీ బళ్ళు, కొబ్బరికాయలు మోసీ ఆడోలు, ఇచ్ఛాపురం బేరగాళ్ళు, ఎంతమంది పోతారో ఆ దారెంట. ఒక్కడు మా మేడకేసి తలెత్తి సూడలేదు. ఎవుల పనిమీద ఆళ్ళు పోతన్నారు. ఎవులి దిష్టి తగుల్తాదని ఇంత గోడ కట్టినారో నాకు ఇప్పటికీ తెలదు.

అది తెలిసినాక ఇంక బయమేటి. కిందటి బుధవారం బుచ్చమ్మ సీర కట్టుకున్నాను. గోసీ పోసి, తలమీద కాయల తట్ట ఎట్టుకుని, పెరటి తలుపు తీసుకుని ఎల్లిపోనాను. అవును, పట్టపగలు. సముద్రం కాడికి. నీళ్ళలో నిలబడినాను. సల్లగున్నాయి.

తిరిగొచ్చీసరికి పెరటి తలుపు ఎవులో లోపల గడియెట్టీసినారు. ముందు గుమ్మం నుంచే రావాల. మా ఆయన అరుగు మీద కుర్సీలో ఉన్నారు. ఇయ్యాలటితో నా బతుకైపోనాదనుకున్నాను.

ఆయన నా మొకంలోకి సూసినారు. మంచి ఎండ. ముసుగు లేదు. "ఒలే, ఏ ఊరుదానివే నువ్వు? కాయలు అరుగు మీద కాదు, ఎనకాల సావిట్లో పొయ్యి" అన్నారు.

పోసినాను.

ఆ సాయంత్రం నాను కంచంలో అన్నం ఒడ్డిత్తే, కాయలు తెచ్చిన ఆడోలు ఈ మజ్జిన ముసుగు కూడా ఎయ్యడంలేదు, సిగ్గు లేకండా తిరుగుతన్నారని నాతోటే అన్నారు. ఔనండీ అన్నాను.

ఇప్పుడు మీరు ఆ కాగితంలో ఆకరి మాట సదువుకోండి. పొద్దుగూకీ ఏళ, రెండు ఫర్లాంగుల దూరం నించి, బైరాగిని మొకం సూసి మా ఆయనే పోల్సినారని ఉంటాది. దాని కింద సంతకం పెట్టినారు. నన్ను బారెడు దూరంలో, ఎండలో, ఇరవై రెండేళ్ళు సూసిన మొకాన్ని పోల్సలేకపోనారు. ఇది కూడా రాసుకోండి. పేరు రత్నాలమ్మ అని రాయండి, ఫలానావారి భార్య అని కింద ఎప్పుడైనా రాసుకోవచ్చు.

కాగితం తెర కింద నుంచి తొయ్యక్కర్లేదు బాబూ. నానే అవతలికొచ్చి సంతకం పెడతాను. తలొంచుకోకండి. ఈ ఇంట్లో నా మొకం గుర్తెట్టుకునీవోలు ఎవులూ లేరు, మీరైనా ఒకసారి సూడండి.