గేట్ల షెడ్డులో సైకిల్

మేడ్చల్ దగ్గర గౌడవెల్లిలో, ఇనుప గేట్లు చేసే షెడ్డులో ఒక టీచరమ్మ తన సైకిల్‌ను బల్ల మీద పడుకోబెట్టింది. వెనుక చక్రం పక్క గొట్టం విరిగి ఉంది. ముసలి వెల్డరు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

“కొన్ననాడు దేశాలు తిరిగే సైకిలంటివి. మన రోడ్డు గుంతకే ఓడిపోయిందా బిడ్డా?”

“రెండేండ్లసంది దీని మీదనే దినాం షామీర్‌పేట బడికి పోయొస్తున్న తాతా. గిది అతుకుతదా, అతకదా?”

“స్టీలే గదా, అతుకుతది. నా సైకిల్‌కు ఏడు అతుకులున్నయి. ఓపారి దాని మీదికెల్లి ఎడ్లబండి పోతే, బండి ఇరుసే ఇరిగింది.”

“మస్తు చెప్తవ్ తాతా! జల్దీ చెయ్. మా ఆయన ఆరింటికి ఇంటికొస్తడు.”

“వస్తే ఏమాయె?”

“గిది ఒక్కపారి ఇరిగినా అమ్మేసి స్కూటీ కొంటనని ఆయనకు మాటిచ్చిన.”

“మాటిచ్చేముందు నన్ను అడగకపోతివి.”

“అమ్మబుద్ధి అయితలేదు తాతా.”

మంట వెలిగి ఆరింది. అతుకు చల్లారాక ఆమె షెడ్డు చుట్టూ రెండుసార్లు తొక్కి వచ్చింది.

“గేట్లకేసే నల్లరంగు ఉన్నది. పూసిననుకో, మీ ఆయనే కాదు, నేను గూడ అతుకు గుర్తువట్ట.”

ఆమె రంగు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

“వద్దు తాతా. ఇరిగిందని నేనే చెప్త.”

“చెప్పి అమ్ముతవా?”

“ఇరిగి అతికినంక గూడ గిదే నన్ను ఇంటికి తెచ్చిందని చెప్త. ఇగ అమ్మాల్నా అని ఆయన్నే అడుగుత.”