రోజుకు మూడు లీటర్లు

తిరుపతిలో ఒక ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, మధ్యాహ్నం మూడున్నర. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ధరణి చేతికి సెలైన్ ఎక్కుతోంది. పుత్తూరు నుంచి వచ్చిన తల్లి లోకేశ్వరి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె అడుగుతున్నది ఒక్కటే మాట.

“మళ్ళా చెప్పు. బాటిల్లో నీళ్ళు యాడ పోసేస్తా ఉంటివి?”

“బస్టాండులోమా.”

“బస్టాండులో యాడ?”

“వేపచెట్టుకు. పోనీలేమా, చెట్టన్నా తాగింది.”

“నవ్వొద్దు. ఎన్నాళ్ళుగా?”

“తెల్దు.”

“తెల్దంట. నేను నాలుగున్నరకు లేసి, నీళ్ళు కాంచి, సల్లార్చి, జీలకర్రేసి బాటిలుకు పోసిస్తే ఈమె తీసకపోయి చెట్టుకు పోసొచ్చింది. సాయంత్రం ఖాళీ బాటిలు చూసి, నా బిడ్డ బుద్దిగా తాగిందని మురిసిపోతా ఉంటి. డాక్టరమ్మ ముందర నా మొకం యాడ పెట్టుకోవాల? ‘పాప నీళ్ళు తాగుతాదా’ అంటే ‘బాగా తాగుతాదమ్మా’ అంటి. ‘తాగే పిల్లకు కిడ్నీలో చీము ఎట్ల పడతాదమ్మా’ అనె.”

“మెల్లిగా మాట్లాడుమా. పక్క మంచమామె చూస్తా ఉండాది.”

“చూడనీ. కాలేజీలో బోర్డు మీద దినానికొక ఆరోగ్య సూత్రం రాసేది ఎవురు?”

“నేనే.”

“‘రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగవలెను’ అని రాసింది ఎవురు?”

“నేనేమా.”

“‘ఉదయం అల్పాహారం మానరాదు. పడుకునే ముందు ఫోను చూడరాదు. అరగంట నడవవలెను.’ ఫోటో తీసి నాకు పంపిస్తే వీధంతా చూపిచ్చినానే, మా పాప చేతిరాత చూడండి ముత్యాల మాదిరి ఉండాదని. ఊరికి చెప్పేదానికేనా బుద్ధులు?”

“చేతిరాత బాగుండాదని రాయమన్నారు. చెయ్యమని యాడ చెప్పినారు?”

“తగులుతాయి రెండు. సూది ఉండాదని చూస్తా ఉండా.”

“కొట్టుమా. ఈ చెయ్యి ఖాళీగానే ఉండాది.”

“వడమాలపేట దాటేతలికి చలిజ్వరం పట్టుకోని బస్సులో పడిపోతివంట. ఆ కండక్టరు ఫోను చేసినప్పుడు నా పానం యాడుండాది? మీ నాయనకు నేను ఉత్త జ్వరమనే చెప్పినా. కిడ్నీ మాట చెప్తే ఆయన పడిపోతాడు. నిజం చెప్పు పాపా. నీళ్ళు ఎందుకు తాగవు?”

“దప్పి కాదుమా.”

“ఈ ఎండకా? తిరపతిలోనా? దప్పి కాదా?”

“తాగితే పోవాల్సొస్తాది.”

“యాడికి?”

“యాడికేందిమా. బాత్రూముకు.”

“పో. ఎవురొద్దన్నారు? చేర్చిన నాడు నేనే పోయి చూసొస్తిని గదా. నాలుగుండాయి. టైల్సు గూడా ఏసినారు. అది చూసినాకనే ఫీజు కడదామన్నా మీ నాయనతో.”

“నాలుగూ ఉండాయి.”

“మరి?”

“తాళం ఉంటాది.”

“బాత్రూముకు తాళమేంది?”

“తాళమేమా. ఆఫీసు రూములో అటెండరు ఢిల్లీబాబన్న కాడ ఉంటాది తాళంచెవి. పోయి అడగాల. ఆడ ఒక పుస్తకం ఉండాది. దాంట్లో పేరు రాయాల. రోలు నంబరు రాయాల. పోయిన టైము, వచ్చిన టైము. సంతకం పెట్టాల.”

“ఒంటికి పోయేదానికి సంతకమా!”

“మెల్లిగా మా.”

“నాకు మెల్లిగా రాదు. ఇంకేమి?”

“ఇంకేం లేదు.”

“ఉండాది. చెప్పు.”

“చెవిని పోగొడతామని దానికి చెక్క పలక కట్టినారు. ఇంత. మూరెడుంటాది. పలక మీద ఎర్ర పెయింటుతో ‘బాలికలు’ అని రాసుండాది. దాన్ని పట్టుకోని ఆఫీసు కాణ్ణించి గ్రౌండు దాటి ఆ కొసకు పోవాల. మగపిల్లోళ్ళు మెట్ల మీదనే కూర్చోనుంటారు.”

“ఏమంటారు?”

“బ్యాటంటారు దాన్ని. ‘బ్యాటింగుకు పోతా ఉండావా’ అంటారు. తిరిగొస్తే ‘ఎన్ని రన్నులు’ అంటారు. రూపేష్ అని ఒకడు, పుస్తకంలో టైము చూసొచ్చి స్కోరు చెప్తాడు.”

“వాని నోట్లో మన్నుబడ. చెప్పుతో కొట్టేవాళ్ళు లేరా?”

“చెప్పుతో కొడితే పుస్తకంలో యాడ రాస్తారోమా.”

“మిగతా ఆడపిల్లోళ్ళు ఏం చేస్తారు?”

“ఇద్దరిద్దరుగా పోతారు. హేమశ్రీ, నిస్సీ జతగా పోతారు. వాళ్ళకు అలవాటైపోయింది. ‘ఇరవై నాటవుట్టు రా’ అని వాళ్ళే తిరిగి అంటారు.”

“వాళ్ళ జతలో నువ్వు గూడా పోవచ్చు గదా?”

“ఊ.”

“ఊ అంటే? పిలవరా నిన్ను?”

“సెలైను అయిపోతా వచ్చింది. నర్సును పిలుచుకొనిరాపోమా.”

“ఇంకా సగముండాది. మాట మార్చొద్దు. అంతమంది పిల్లోళ్ళు పోతా ఉంటే నీకేం వచ్చింది? నీకు మాత్రం సిగ్గా?”

“సిగ్గే అనుకో.”

“అనుకోవడమేంది? సిగ్గా, కాదా?”

“నాకు కుదరదుమా. వదిలెయ్.”

అప్పుడే ఒకావిడ చేతిలో పళ్ళ సంచీతో మంచాల నంబర్లు చూసుకుంటూ వచ్చింది.

“పద్నాలుగు ఇదేనా? ఆ, ధరణీ! లేవద్దు, పడుకో. నమస్కారమమ్మా. నేను పంకజాక్షి, ధరణికి బాటనీ చెప్తాను. కాలేజీలో ఆరోగ్య క్లబ్బు కూడా నేనే చూస్తాను.”

“కూర్చోండి మేడం. ఈ స్టూలు తీసుకోండి. నేను మంచం మీద కూర్చుంటా.”

“డాక్టరు గారు ఏమన్నారు?”

“అయిదు దినాలు ఇంజెక్షన్లంట. ఇంకో రెండు దినాలు చూసీచూడనట్ల పొయ్యుంటే కిడ్నీకే మోసం వచ్చేదన్నె.”

“అయ్యో. ఈ కాలం పిల్లలు చెప్తే వినరు కదమ్మా. బోర్డు మీద రాసేదేమో ఈ అమ్మాయే.”

“నేనూ అదే అంటా ఉండా.”

“దాని గురించే ఒక మాట అడుగుదామని వచ్చాను. సోమవారం నుంచి మా దగ్గర ఆరోగ్య వారోత్సవం. ధరణి ఒక్క నిమిషం వీడియోలో మాట్లాడితే బాగుంటుంది. ఇలా మంచం మీద ఉన్నప్పుడే తీస్తే పిల్లల మనసుకు తగులుతుంది. మాటలు నేనే రాసుకొచ్చాను.”

“చదవండి, విందాం.”

“‘మిత్రులారా, నా నిర్లక్ష్యం వల్ల నేను ఈ స్థితికి వచ్చాను. నాలాగా మీరు చేయకండి. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగండి. మూత్రం ఆపుకోకండి. మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది.’ అంతే.”

“బాగా రాసినారు మేడం. మీ చేతుల్లోనే ఉండాది అన్నారే, దాని పక్కన ఇంకొక మాట చేర్చండి. తాళంచెవి ఢిల్లీబాబు చేతిలో ఉండాది అని.”

“మా, వద్దు.”

“నువ్వు గమ్మునుండు. ఏం మేడం, చేరుస్తారా?”

“అడిగితే ఇస్తారమ్మా. ఎవరికీ లేదనలేదు. ఏం ధరణీ, నిన్ను ఎప్పుడైనా వద్దన్నారా?”

“లేదు మేడం.”

“చూశారా.”

“చూసినా. మేడం, మీరు యాడికి పోతారు?”

“స్టాఫుకు వేరే ఉందమ్మా.”

“దానికి తాళముందా?”

“అది వేరు.”

“పుస్తకముందా? మూరెడు పలకుందా? మీరు పొయ్యొస్తే స్కోరు చెప్పేవాడు ఉండాడా?”

“అమ్మా, నన్ను అడిగితే నేనేం చెప్పను? స్టాఫుది మగవాళ్ళకూ మాకూ ఒకటే. మధ్యాహ్నం అన్నంలోకి రెండు గుటకలు తాగుతాను, అంతే. ఇరవై ఏళ్ళుగా అలవాటైపోయింది.”

“నీళ్ళు తాగని మేడం రాస్తే, నీళ్ళు తాగని పిల్ల చదవాల. బాగుండాదమ్మా మీ వారోత్సవం.”

“నేను చదువుతా మేడం. ఇప్పుడే తీయండి.”

“తీసేది లేదు! నీది నిర్లక్ష్యమా? నిన్ను ఈ మంచమెక్కించినోళ్ళది నిర్లక్ష్యం. మేడం, సోమవారం నేను కాలేజీకి వస్తా. వారోత్సవానికి వస్తా. అందరి ముందర ఆ తాళం ఇరగ్గొట్టి పోతా. ఎవురు పెట్టించినారు దాన్ని? ప్రిన్సిపాలా?”

“కాదమ్మా.”

“మేనేజుమెంటా?”

“వాళ్ళకు అసలు ఆ ఆలోచనే లేదు. తల్లిదండ్రులే అడిగారట.”

“తల్లిదండ్రులా!”

“పోయిన ఆగస్టులో మీటింగు జరిగింది కదా, అప్పుడు. నేను ఆ రోజు సెలవులో ఉన్నాను. రికార్డులో మాత్రం ‘ఒక తల్లి కోరిక మేరకు, అందరి ఆమోదంతో’ అని ఉంది. పేరు రాయలేదు.”

“ఒక తల్లంట! ఏ తల్లి మేడం అది? ఆడబిడ్డను కనిందేనా? అది నీళ్ళు తాగదా, దానికి బాత్రూము అక్కర్లేదా?”

“తిట్టొద్దుమా.”

“తిడతా. నా బిడ్డ చలిజ్వరంతో బస్సులో పడిపోతే తిట్టకుండా హారతి పడతానా? ఇంట్లో కూర్చోని ఎవుతో ఒకతి నోటికొచ్చింది చెప్పి పోతాది, ఊళ్ళో పిల్లోళ్ళు కిడ్నీలు పోగొట్టుకోవాల.”

“మా, చాలు.”

“నీకు తెలుసు. నీ మొకం చూస్తేనే తెలుస్తా ఉండాది. ఎవురు? హేమశ్రీ వాళ్ళమ్మా?”

“కాదు.”

“నిస్సీ వాళ్ళమ్మ కృపారాణా? ఆమెకు భయం జాస్తి.”

“ఆమె కాదుమా. ఆమె వద్దనే చెప్పింది.”

“మరెవురు? చెప్పు. ఆ కొసన తడ ఊళ్ళో ఉన్నా సరే, ఇప్పుడే బస్సెక్కి పోయి దాని ఇంటి ముందర నిలబడతా. నా బిడ్డ స్కానింగు కాగితం దాని మొకాన కొడతా.”

“వద్దుమా. నేను వీడియో చదివేస్తా. నాదే నిర్లక్ష్యం. అయిపోతాది.”

“ఎందుకు దాన్ని కాస్తా ఉండావు? నీకేమవుతాది అది?”

“ఆ మీటింగులో మైకు తీసుకున్నది ఎవురుమా?”

“ఎవురేంది? నేనూ తీసుకున్నా. చానామంది మాట్లాడినారు. నేను మాట్లాడింది ఫోన్ల గురించి. సెకండియరు పిల్ల ఒకతి బాత్రూములో దూరి ఫోను మాట్లాడి మాట్లాడి ఒకనాడు లేచిపోయె. కన్నోళ్ళం భయపడమా? కట్టడి పెట్టండి అంటి. తాళం ఏయమంటినా?”

“అన్లేదు.”

“మరి!”

“‘ఆడపిల్ల ఎప్పుడు పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది, ఒక పుస్తకంలో రాయించండి. ఊరికే తెరిచి పెడితే ఎట్ల?’ అంటివి. అందరూ చప్పట్లు కొట్టినారు. తెరిచి పెట్టొద్దన్నావని వాళ్ళు తాళం ఏసినారు.”

“నేను...”

“ఇంటికొచ్చినాక గూడా నాయనకు మూడుసార్లు చెప్తివి, ప్రిన్సిపాలు లేచి దండం పెట్టినాడని.”

“అది నీ మంచికి గదా పాపా. మీ అందరి మంచికి గదా.”

“తెలుసుమా. అందుకే చెప్పలేదు.”

“మిగతా పిల్లోళ్ళకు తెలుసా?”

“తెలీకుండా ఎట్లుంటాది? మీటింగులో అందరి అమ్మలూ ఉండారు గదా.”

“అందుకని... నిన్ను జతకు పిలవరా?”

“పిలవరుమా. ఆ పలకకు వాళ్ళు పేరు పెట్టినారు. ‘ధరణి వాళ్ళమ్మ’ అంటారు. ‘ధరణి వాళ్ళమ్మను పట్టుకోని పొయ్యొస్తా’ అంటారు. దాన్ని చేత్తో పట్టుకోని గ్రౌండు దాటమంటే నా వల్ల కాలేదు. నీళ్ళు మానేస్తే సరిపోతాదనుకున్యా.”

“మొదటి దినమే నాకు చెప్పుంటే...”

“చెప్పుంటే ఏం చేసుందువుమా?”

“అమ్మా, నేను కాసేపు వరండాలో ఉంటాను. మీరు మాట్లాడుకోండి.”

“వద్దు మేడం. కూర్చోండి.”

“సోమవారం మీరు వస్తానన్నారు కదా. నిజంగా రండమ్మా. నాలాంటివాళ్ళు చెప్తే వినరు. ఆ రోజు పెట్టమని అడిగిన తల్లే వచ్చి, తీసేయమని అడిగితే కాదనలేరు. ప్రిన్సిపాల్ గారికి ఇప్పుడే ఫోను చేసి చెప్పనా?”

“అందరూ ఉంటారా ఆ పొద్దు?”

“ఉంటారు. పిల్లలూ, తల్లిదండ్రులూ.”

“హేమశ్రీ వాళ్ళమ్మ?”

“వస్తారనుకుంటా.”

“మా, నువ్వు రా. నీకు నేనుండా. పక్కన నిలబడతా. రెండు మాటలు చాలు.”

“సోమవారం... మీ నాయనకు ఏందో పనుండాది పాపా. ఇంట్లో నేను లేకపోతే కుదరదు.”

“అమ్మా, కనీసం ఒక ఉత్తరం రాసిచ్చినా...”

“ఫోను చేయొద్దులే మేడం. ఆ కాగితం పాపకు ఇయ్యండి. పాపా, లేచి కూర్చో. తల దువ్వుతా, మేడం వీడియో తీసుకుంటారు.”