చవక రైఫిళ్ల కప్పుకి బెరిట్ పేరు

ఏవిటీ, చవక రైఫిళ్ల పోటీకి ఆవిడ పేరా? బెరిట్ ఓస్‌గార్డ్ కప్పా? పైగా ఐడహో నించి పిలిపించి మొదటి గుండు ఆవిడచేతే పేల్పిస్తారా? మన క్లబ్బులో ఇంక మనుషులే దొరకలేదా, కోరా? నువ్వు కార్యదర్శివై ఆర్నెల్లు కాలేదు. అసలు ఆవిణ్ణి నువ్వెప్పుడైనా చూశావా? లేదు కదా. మరి?

కూర్చో. కాఫీ నువ్వే పోసుకో. ఆ కాగితం మీద నా సంతకం సంగతి తరవాత.

పదకొండేళ్లు, అమ్మాయ్! ఆవిడ వచ్చేనాటికి పదకొండేళ్లు వరసగా వెయ్యి గజాల కప్పు ఈ లైల్ హాస్కెట్ ఇంట్లోనే ఉంది. నా రైఫిలు పనిగట్టుకుని చేయించుకున్నది. గొట్టం ఒకడు చేశాడు, భుజానికి ఆనించే చెక్క బట్టు ఇంకొకడు. చేతికి రావడానికి రెండేళ్లు పట్టింది. దాని ఖరీదు ఇప్పటికీ నెల్డాకి తెలీదు. కట్టుకున్నదానికి ఇలాంటివి ఎవడు చెబుతాడు?

అలాంటి చోటికి దిగబడింది ఈవిడ. స్కూలు బస్సు నడుపుకునే మనిషి. పశువుల దాణా కొట్లో, ఉప్పు దిమ్మల పక్కన గోడకి వేలాడుతుంటే కొనుక్కుందిట. మామూలు బోల్టు రైఫిలు, నల్ల ప్లాస్టిక్ బట్టు. బోల్టు లాగితే రేకు డబ్బాలో గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు. నవ్వకుండా ఎలా ఉంటాం చెప్పు?

"బెరిట్, దీనికి పూటకి ఎంత దాణా పెడుతున్నావు?" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు.

ఆవిడా నవ్వింది. "తక్కువే తింటుంది లైల్. నీదానిలా కొవ్వు పట్టలేదు" అంది.

ఇంకా గట్టిగా నవ్వారు. వెధవలు!

పోనీ కొట్టలేకపోయిందా అంటే, కొట్టింది! ఆ చవక సరుకుతోనే! ఇరవయ్యేళ్లు ఆ లోయ దారిలో బస్సు నడిపిన మనిషి, గాలి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ తిరుగుతుందో ఆవిడకి తెలుసు. నేను గాలి మీటరు పట్టుకుని లెక్కలు వేసుకుంటుంటే, ఆవిడ పొదల కొసలకేసి ఓసారి చూసి పేల్చేసేది. నాలుగు సెకన్లకి దూరాన ఉక్కు పలక టంగుమనేది. ఆ చప్పుడు ఇక్కడ, ఇదిగో, పళ్లల్లో వినిపించేది నాకు.

ఆ సెప్టెంబరు పోటీలో మధ్యాహ్నం భోజనాలకి లేచేసరికి ఆవిడకి నాకంటే రెండు పలకలు ఎక్కువ. అందరూ లోపల బీన్సూ జింక మాంసమూ పెట్టించుకుని ఆవిడ చుట్టూ మూగారు. నా బల్ల దగ్గర నెల్డా ఒక్కత్తే. అదైనా ఊరుకుందా? "ఎంత బాగా కొడుతోందో కదూ" అంది.

లేచి బయటికొచ్చాను. రైఫిళ్లన్నీ బల్ల మీద వరసగా ఉన్నాయి. మనిషి లేడు.

ఆఁ. అదే. అర్థమైందన్నమాట. గొట్టాన్ని బట్టుకి పట్టి ఉంచేవి కింద రెండే మరలు. నా జేబులో చిన్న పానా ఎప్పుడూ ఉంటుంది. ఒక్కో మరా ఒక్క చుట్టు వదులు చేశాను. రెండుసార్లు దగ్గేంత సేపు కూడా పట్టలేదు.

తరవాత పది గుండ్లు పేల్చిందావిడ. రెండే తగిలాయి. ఒకటి ఎడమకి, ఒకటి పైకి, ఒకటి ఎక్కడికో! దుమ్ము లేచిన చోటు చూసి సరిచేసుకుందామంటే ఒక్కచోట పడితే కదా?

"ఇలా ఇవ్వు, నేను చూస్తాను" అని నేనే తీసుకున్నాను. బండి చాటుకి పట్టుకెళ్లి, దాని దుర్బిణి అద్దం తుడుస్తున్నట్టు వంగి, మరలు బిగించాను. అందరి ముందూ పడుకుని మూడు పేల్చాను. టంగు, టంగు, టంగు. "రైఫిలు బంగారం, బెరిట్" అన్నాను.

అక్కడితో ఆగచ్చు. కప్పు నాదే కదా! కానీ ఆవిడ తన చేతులకేసి చూసుకుంటోంది. వాళ్లమ్మ వణుకుడు జబ్బుతో పోయింది. చివరికి చెంచా కూడా పట్టుకోలేకపోయేది, ఊరందరికీ తెలుసు.

పక్కన కూర్చుని మెల్లిగా అడిగాను. "మీ అమ్మకి ఏ వయసులో మొదలైంది?"

"యాభై మూడు" అంది. తనకి యాభై రెండు.

"నేను ఎవరితోనూ అననులే. పొద్దున నువ్వు కాఫీ కప్పు పట్టుకున్నప్పుడే..." అని ఆపేశాను. మిగతాది ఆవిడే పూర్తిచేసుకుంది.

సోమవారం స్కూలుకెళ్లి బస్సు తాళాలు ఇచ్చేసింది. వెనక ముప్పై మంది పిల్లలు, కొండ దారి, నావల్ల కాదు అందిట. డాక్టరు ఏమీ లేదన్నాడు. నాకు ఫోన్ చేసింది. నాకే! "ఆయన నిన్ను పది నిమిషాలు చూశాడు, నేను మూడేళ్లుగా చూస్తున్నాను" అన్నాను. ఇల్లమ్మేసి ఐడహోలో చెల్లెలి పంచన చేరింది.

పదేళ్లయింది. ఏ వణుకూ రాలేదు. నాకెలా తెలుసంటావా? ఏటా క్రిస్మస్‌కి కార్డు రాస్తుంది. అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. "ఆ రోజు నాకు నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే లైల్. లేకపోతే ఆ పిల్లల్ని ఏదో ఒకనాడు లోయలో పడేసేదాన్ని" అని. నెల్డా వాటిని ఫ్రిజ్జు తలుపుకి అంటిస్తుంది. మంచినీళ్లకి వెళ్లినప్పుడల్లా చదువుకోవాలి నేను.

అలా చూడకు. రేపు ఆవిడ వచ్చి, ఎవరిదో ఓ చవక రైఫిలు తీసుకుని, ఆ పలకని మొదటి గుండుకే కొట్టిందనుకో. అప్పుడేమవుతుందో ఆలోచించావా? తనకి ఏ జబ్బూ లేదని, పదేళ్లూ ఉత్తినే పారేసుకున్నానని ఆవిడకి అక్కడే తెలియాలా, అందరి ముందూ? అది దయా? చెప్పు.

వెళ్లి చెబుతావా? చెప్పుకో. ఈ ఊళ్లో లైల్ హాస్కెట్ మీద ఆ మాటంటే ఎవరు నమ్ముతారు?

ఏం? ఆ కార్డులకి జవాబు రాస్తానా అంటావా? రాయకపోతే బాగుంటుందా? ఒక్క ముక్కే. ఏటా అదే ముక్క.

"చేతులు జాగ్రత్త, బెరిట్."