మా బావ చేప అడగని మూడు రోజులు

సముద్రం దగ్గరికి వెళ్తూ అక్కడ ఎక్కడ తినాలో నన్నడుగుతున్నావా? అడగడానికి మంచి మనిషినే చూసుకున్నావులే. నేను వెళ్ళింది జన్మకి ఒక్కసారి, అదీ నాలుగు రోజులు, అదీ మీ తాతతో. ఆయనతో వెళ్ళొచ్చాక మళ్ళీ వెళ్ళాలంటే గుండె ధైర్యం సంగతి అలా ఉంచు, కడుపు ధైర్యం కావాలి. కూర్చో, చెప్తాను. ఆ సంచీ తర్వాత సర్దుకోవచ్చు. మీ తాత అంటే నీకు గోడ మీద ఫొటోనే కదా, నువ్వు పుట్టేసరికే పోయాడు. నాకు అక్క మొగుడు, స్వయానా బావ. ఫొటోలో అంత పెద్దమనిషిలా ఉన్నాడని మోసపోకు, ఫొటో తీసేవాడు కదలొద్దన్నాడని అలా బిగుసుకున్నాడు. దర్జీ పని ఆయనది. మార్కెట్ వెనక వీధిలో మూడు మెట్లెక్కితే కొట్టు, లోపల రెండు మిషన్లు. ఒకటి ఆయన తొక్కేది, రెండోది ఎప్పుడో పాడైపోయినా అమ్మనిచ్చేవాడు కాదు. మెడలో టేపు ఎప్పుడూ ఉండేది. పెళ్ళికి బయల్దేరినా ఉండేది, మీ నానమ్మ గుమ్మంలో ఆపి తీయించేది. ఎవరు ఎదురైనా మొహం చూసేవాడు కాదు, భుజాలు చూసేవాడు. "మీకు ఎడమ భుజం కిందికి దిగిందండీ, లోపల కాస్త దూది పెడితే సర్దుకుంటుంది" అని మా ఆఫీసరు మొహం మీదే అన్నాడొకసారి. నేను తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసేవాణ్ణి. ఆ ఆఫీసరు కింద ఇంకా పదకొండేళ్ళు చెయ్యాల్సినవాణ్ణి. సరే, అదలా ఉంచు.

ఏం చెప్తున్నాను? ఆఁ, సముద్రం. ఆయన సముద్రం ఒడ్డున పుట్టినవాడు. మాకేమో నీళ్ళంటే మునిసిపాలిటీ కుళాయి, అదీ పొద్దున ఒక గంట. ఇంట్లో ఏం వండి పెట్టినా, "బాగానే ఉంది, కానీ మా సముద్రం దగ్గరైతేనా" అనేవాడు. వంకాయ కూర వడ్డించినా అదే మాట. వంకాయకీ సముద్రానికీ ఏం సంబంధమో ఇప్పటికీ నాకు తెలీదు. చివరికి మా అమ్మకి విసుగెత్తిపోయింది. "అల్లుడిగారిని ఓసారి ఆ సముద్రం దాకా తిప్పుకొస్తే మనం నాలుగు ముద్దలు ప్రశాంతంగా తింటాం కదర్రా" అంది. సరదాగానే అంది, కానీ మీ నానమ్మ ఆ మాట పట్టుకుంది. మీ నాన్నకప్పుడు ఏడేళ్ళు, వాణ్ణి మా అమ్మ దగ్గర వదిలేశాం. నేను సెలవు పెట్టాను. ముగ్గురం రైలెక్కాం. విచిత్రం ఏంటంటే, ఇన్నేళ్ళు సముద్రం సముద్రం అని మా తల తిన్న మనిషి, టికెట్లు తీశాక నోరు తెరవలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఎదుటివాడి కోటు కుట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

దిగగానే మాత్రం ఊపిరి గట్టిగా పీల్చి, "చూశావా, వాసన" అన్నాడు. నాకైతే నానిన తాళ్ళ వాసన, ఇంజను ఆయిలు వాసన వచ్చాయి. ఆ మాటే అన్నాను. రోజంతా నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం అంటే ఆయన లెక్కలో పది మాటలనే చోట ఏడనడం. రేవుకి ఎదురుగా లాడ్జిలో దిగాం. కిటికీ రెక్కకి తుప్పు పట్టి పడేది కాదు, దుప్పట్లు కూడా ఉప్పుగా ఉండేవి. సంచులు పడేసి, మీ తాత అగ్గిపెట్టె కొనుక్కొస్తానని వెళ్ళి గంటన్నరకి వచ్చాడు, అగ్గిపెట్టె లేకుండా. అడిగితే, "పదండి, ఆకలేస్తోంది" అన్నాడు. అక్కడ మొదలైంది తల్లీ మా తిండి.

మొదట రేవు చివర రేకుల షెడ్డు. నాలుగు బల్లలు, గాలికి ఎగిరిపోకుండా బల్లల మీద గుడ్డలకి మేకులు కొట్టారు. రొయ్యలు చెప్పాడు. ఒకటి వలిచి, బట్ట నాణ్యం చూసినట్టు వెలుతురికి ఎత్తి చూసి, "ఇది నిన్నటిది" అన్నాడు. ఆ షెడ్డాయన, "ఇవాళ పొద్దున పడవలోంచి దిగిందండీ" అన్నాడు. "అయితే ఇవాళ్టిదే నిన్నటి మొహం పెట్టుకుంది" అని మీ తాత పన్నెండు రొయ్యలూ తిని, మా వైపు తిరిగి, "బాగానే ఉంది, కానీ ఇది కాదు. ఇంకోచోట చూద్దాం" అన్నాడు. నాకు ఆ రొయ్యలు అమృతంలా ఉన్నాయి, చెప్పే ధైర్యం లేదు. రెండో చోట పీతలు. పెంకు పగలగొట్టుకోమని చిన్న చెక్క సుత్తి ఇచ్చారు. నేను ఒక్కటి వేశాను, ఆ కాలు కాస్తా ఎగిరి పక్క బల్ల మీద ఒకాయన మంచినీళ్ళ గ్లాసులో పడింది. ఆయన మంచివాడు, చెంచాతో తీసి ఇచ్చాడు. మీ తాతకి ఆయన బాధా లేదు, నా బాధా లేదు, తను కుట్టిన నా తెల్ల చొక్కా మీద మరక పడిందని బాధ. మూడో చోట తెల్లగా గాజుల్లా కోసి వేయించినవేవో పెట్టారు, పేరు చెప్పారు కానీ నాకు నోరు తిరగలేదు. నమిలాను, నమిలాను, మీ నానమ్మ తినడం అయిపోయి చెయ్యి కడుక్కొచ్చినా నేను మొదటి ముక్కే నములుతున్నాను. మీ తాత మళ్ళీ అదే పాట, "ఇది కాదు, ఇంకోచోట చూద్దాం." రోజుకి నాలుగు చోట్లు తిప్పాడు. పీకల దాకా తినడం, ఇసకలో నడవడం, మళ్ళీ తినడం. మూడో రోజుకి నేను ప్యాంటు గుండీ వదులు చేసుకుని తిరుగుతున్నాను.

నాకో సంగతి ఆలస్యంగా తట్టింది. ఇన్ని చోట్ల తిన్నాం కదా, మీ తాత ఒక్కచోట కూడా చేప చెప్పలేదు. సముద్రం దాకా వచ్చి చేప తినని మనిషిని ఎక్కడైనా చూశావా? మూడో రోజు మధ్యాహ్నం ఒక చోట వంటావిడే గరిటె పట్టుకుని బయటికొచ్చింది, మనిషి తలుపంత ఉంది. "ఇంత చేప ఉంది లోపల, అది తినకుండా ఎలా వెళ్తారు?" అంది. మీ తాత వద్దన్నాడు. ఆవిడ మొహంలోకి చూసి, "నిన్నెక్కడో చూసినట్టుందే, ఏ వీధి మీది?" అంది. అంతే, సగం తిన్న పళ్ళెం వదిలేసి, ఎంగిలి చెయ్యి రుమాలుకి తుడుచుకుని బయట పడ్డాడు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన కంచంలో మెతుకు వదిలెయ్యడం నేను చూడలేదు.

ఆ సాయంత్రం నా చొక్కా గుండీ ఊడింది. సూదీదారం కోసం ఆయన సంచీ తెరిచాను. అడుగున ఆడవాళ్ళ ఉన్ని కోటు, కొత్తది, బూడిదరంగు, లోపల పట్టు గుడ్డ. మీ నానమ్మది కాదు, ఆమెకంటే జానెడు పొడుగు మనిషిది. నాకు దొరికిందే చాలన్నట్టు, దాన్ని అటూ ఇటూ ఊపి, "ఎవరు బావా ఈవిడ? మా అక్కకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను. ఎప్పుడూ నాకు రెండింతలు అప్పజెప్పే మనిషి మంచం మీద కూర్చుండిపోయాడు. "లోపల కుట్లన్నిట్లో గుడ్డ వదిలాను రా, కుట్టేటప్పటికి చూసి ఇరవై ఆరేళ్ళయింది. చిక్కిందో, లావెక్కిందో, ఏమీ తెలీలేదు" అన్నాడు. నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

వాళ్ళక్క తల్లీ. మీ తాతకి ఒక అక్క ఉందని ఆ రోజు దాకా నాకు తెలీదు. అమ్మా నాన్నా లేరని చెప్పాడు, మేం అక్కడితో ఊరుకున్నాం. ఐదేళ్ళవాణ్ణి చేతిలో పెట్టి వాళ్ళు పోతే, పదిహేనేళ్ళ పిల్ల వలలు అల్లి పెంచింది. పెళ్ళి మాటే తలపెట్టలేదు. ఈయనకి పడవెక్కితే వాంతులు. ఆవిడేమో మనింట్లో మగాడు పడవెక్కకపోతే ఎలా అని పట్టు. రెండేళ్ళు పోట్లాడుకుని, పదహారో ఏట ఒక మధ్యాహ్నం, ఆవిడ వలల షెడ్డుకి వెళ్ళినప్పుడు, చెప్పకుండా రైలెక్కేశాడు. ఉత్తరమైనా రాయలేదా బావా అన్నాను. "మొదట కోపంతో రాయలేదు, తర్వాత సిగ్గుతో రాయలేదు, ఆ తర్వాత ఇన్నేళ్ళు రాయనివాడు ఇప్పుడేం రాస్తాడని రాయలేదు" అన్నాడు. తపాలా ఆఫీసులో పనిచేసే బావమరిదిని ఇంట్లో పెట్టుకుని, ఒక్క కార్డు నా చేతికివ్వలేదు చూడు. తిట్టాలనిపించింది, మొహం చూసి తిట్టలేకపోయాను. మొదటి రోజు అగ్గిపెట్టెకని వెళ్ళింది ఆ వీధికే. మెట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న మనిషిని వీధి చివర్నుంచి చూసి వెనక్కొచ్చాడు. అప్పట్నుంచి ఇంకోచోట, ఇంకోచోట అని మమ్మల్ని తిప్పింది ఆ గుమ్మం తొక్కే ధైర్యం లేకే. "లోపలికి రానిస్తుందంటావా?" అని నన్నడిగాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడు, నన్నడిగాడు.

మర్నాడు పొద్దున మళ్ళీ మొదలు. "ఇంకొక్క చోటుంది, ఆల్చిప్పలు బాగా చేస్తారట" అన్నాడు. మీ నానమ్మ జడ వేసుకోవడం ముగించి, లేచి, సంచీలోంచి కోటు తీసి చేతి మీద వేసుకుంది. మీ తాత బిక్కమొహం వేశాడు. "దానికి గుండీలు కుట్టింది నేను. ఎవరికో మీ అంతట మీరు చెప్తారని ఆర్నెల్లు చూశాను. ఇంక నా వల్ల కాదు, ఆల్చిప్పలూ నా వల్ల కాదు. వీధి ఎటు?" అంది. మీ నానమ్మ సంగతి నీకు తెలుసుగా, ఒకసారి లేచిందంటే ఆగదు. ఆమె ముందు, నేను వెనక, మా ఇద్దరి వెనక మీ తాత, కొత్త బళ్ళో చేర్చడానికి తీసుకెళ్తున్న పిల్లాడిలా.

ఆవిడ మెట్టు మీదే ఉంది. పొడుగు మనిషి, జుట్టు తెల్లబడింది, కాలి బొటనవేలికి వల తగిలించుకుని ముడులు వేస్తోంది. మీ నానమ్మ వెళ్ళి, "నేను మీ మరదల్నండీ. మీ తమ్ముణ్ణి తీసుకొచ్చాను" అంది. ఆవిడ చూసింది. తర్వాత వల పక్కన పెట్టి, మీ నానమ్మతో, "భోజనం వేళయింది, లోపలికి రా అమ్మా. ఆ అబ్బాయి మీ తమ్ముడా? అతన్నీ రమ్మను" అంది. మీ తాతని రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, ఎవరూ చూడనప్పుడు లోపలికొచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ఒకటే గది, ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క చుట్టిన వలలు. కోటు ఇస్తే తీసుకుని మేకుకి తగిలించింది, తొడిగి చూడలేదు. వండుతున్నంతసేపూ మీ నానమ్మతోనే మాట. "ఆ రోజు కూడా చేపే వండానమ్మా. మూత పెట్టి కూర్చున్నాను. తెల్లారాక వీధిలో కుక్కలకి వేశాను" అంది. అరవలేదు, ఏడవలేదు, ఉప్పెంత వెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. మీ తాత బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాడు.

వడ్డించింది. చేప, అదీ సన్న ముళ్ళ చేప, వెంట్రుకల్లాంటి ముళ్ళు. ఇక్కడ నీకొకటి చెప్పాలి, ఇది మా ఇంటి పరువు, బయట అనకు. మా ఇంట్లో చేప తినడం ఎవరికీ రాదు. ముళ్ళంటే భయం. మీ తాత అల్లుడిగా వచ్చాక చేప వండిన రోజున కంచాలన్నీ ఆయన ముందుకే తోసేవాళ్ళం. నాది, మీ నానమ్మది, మా అమ్మది కూడా. ఆ దర్జీ వేళ్ళకి కళ్ళుండేవి తల్లీ. తల ఎత్తకుండా కబుర్లు చెప్తూనే తీసేసేవాడు, ఒక్క ముల్లు మిగిలేది కాదు. ఊరొదిలి ఒంటరిగా బతికిన రోజుల్లో తనంతట తను నేర్చుకున్నాడట. అలవాటు కదా, ఆ రోజు కూడా నేనూ మీ నానమ్మా మా కంచాలు ఆయన వైపు తోశాం. బల్ల కింద నా కాలు తొక్కాడు, ప్రాణం పోయింది. రెండు కంచాలూ వెనక్కి తోసేసి, తన కంచం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని, తినకుండా కూర్చున్నాడు. నాకేం అర్థం కాలేదు. ఆవిడ అన్నం గిన్నె పట్టుకుని వచ్చి, ఆయన పక్కన ఆగింది. ఇరవై ఆరేళ్ళకి మొదటి మాట.

"ఏం, ముళ్ళు తీసుకోవడం ఇంకా చేతకాదా నీకు?"

"చేతకాదక్కా" అన్నాడు మీ తాత.

ఆవిడ గిన్నె దించి, పక్కన కూర్చుని, ఆ కంచం తన ముందుకి లాక్కుంది. ఒక్కో ముల్లూ తీసి అంచున పెడుతోంది, ముద్ద ఇటు జరుపుతోంది, ఆయన తింటున్నాడు. నలభై రెండేళ్ళ మనిషి. తలొంచుకునే తింటున్నాడు, ఆవిడ తలొంచుకునే తీస్తోంది. మీ నానమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నాకు అప్పటికే రెండో ముద్దలో ముల్లు గొంతులో దిగబడింది. దగ్గితే ఆవిడ చెయ్యి ఆపి ఇటు చూస్తుంది కదా. కళ్ళల్లో నీళ్ళు కారిపోతున్నా దగ్గలేదు తల్లీ, ఆ కంచం ఖాళీ అయ్యేదాకా దగ్గలేదు.

ఆ మంచినీళ్ళు ఇటు అందుకో.