బీరూట్ పెద్దమనిషి

కైరోలోని ఆ జూదశాలలోకి ఈజిప్టువాళ్లను రానివ్వకూడదని చట్టం. భార్య గాజులు జేబులో వేసుకుని గుమ్మం దాకా వచ్చిన అతనికి ఆ సంగతి తెలుసు.

"మాది బీరూట్. పాస్‌పోర్టు హోటల్లో మర్చిపోయాను."

"అలాగా బాబుగారూ!" గుమ్మంలోని కాపలాదారు తన పొట్లం చాపాడు. "ముందు ఈ తామియా వడ తినండి. మీ ఊళ్లో శనగలతో చేస్తారటగా? మా చిక్కుడు గింజల వడకంటే అదే రుచట!"

"శనగలా? అదేం తిండయ్యా! చిక్కుడు గింజలు వెయ్యకపోతే అది తామియానే కాదు. మా అమ్మ చేస్తే..."

అతను నాలిక కరుచుకున్నాడు. కాపలాదారు పకపకా నవ్వాడు.

"అమ్మగారిది ఏ పేట, తమ్ముడూ?"

"ఇక్కడే, కైరోలోనే, షుబ్రా. సరే, ఈ చట్టం పెట్టి మనల్ని కాపాడుతున్నారు, బాగానే ఉంది. మరి పైదేశాలవాళ్ల కొంపలు మునిగితే ఫరవాలేదా?"

"నేనూ నమాజులో అల్లాను రోజూ అదే అడుగుతున్నా. జవాబొచ్చేదాకా నువ్వు ఇంటికి నడు."